పై వరస

గోడకి ఆ చివరో మేకు, ఈ చివరో మేకు కొట్టి, నీలం అద్దిన దారాన్ని మధ్యలో బిగించాడు పెయింటరు. రెండు వేళ్ళతో దారాన్ని లాగి వదిలాడు. టప్పుమంది. సున్నం మీద సన్నటి గీత పడింది. నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. బాగానే ఉంది. మేకులు ఊడదీసి, జానెడు కిందకి దించి మళ్ళీ కొట్టాడు.

ఫుట్‌బాల్ క్లబ్బులో బట్టలు మార్చుకునే గదినుంచి మైదానంలోకి వెళ్ళే సందు అది. ఆటగాళ్ళందరూ ఆ గోడ పక్కనుంచే బయటికి రావాలి, ఆ పక్కనుంచే లోపలికి పోవాలి. ఆదివారంనాడు పాత కోచ్‌గారికి సన్మానం. ఆయన అన్న మాటలు పది ఆ గోడమీద రాయించాలని క్లబ్బువాళ్ళు అనుకున్నారు. ఆయన గెలిపించిన కప్పులెన్నో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు గానీ, ఆయన అన్న మాటలు మాత్రం మంగలిషాపులో, బస్సులో, ఆఖరికి చావింటి అరుగుమీద కూడా వినపడుతూనే ఉంటాయి. ఎవడో ఒకడు "మన కోచ్‌గారన్నట్టు" అని అందుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అప్పుడే నవ్వడం మొదలుపెడతారు.

సెక్రటరీ ఒక్కోటీ చదివి వినిపిస్తూ తనే పడీపడీ నవ్వాడు.

"గోల్‌కీపరు, గొడుగు, వాన పడ్డప్పుడే గుర్తొస్తారు. ఎలా ఉందోయ్? ఇంకోటి. రిఫరీకి కళ్ళు లేవని తిట్టకండి, చెవులుంటాయి. హహ్హ! ఇది చూడు, ఓడిపోయి స్నానం చేస్తే నీళ్ళు దండగ."

పెయింటరు తలూపాడు.

"ఇక అన్నిటికీ పైన, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో రావాల్సింది ఏంటో నీకు చెప్పక్కర్లేదుగా?"

"తెలుసు."

"చెప్పు చూద్దాం."

పెయింటరు వేళ్ళకి అంటుకున్న నీలాన్ని పంచెకి తుడుచుకున్నాడు. "గీత దాటాకే ఏడవాలి. లోపల ఏడిస్తే గడ్డి మాడిపోతుంది."

"అద్దీ!" అంటూ భుజం చరిచి వెళ్ళిపోయాడు సెక్రటరీ.

గోడమీద రాసేవాడెవడైనా పైనుంచి మొదలుపెడతాడు. రంగు చుక్కలు కిందకి కారితే కింద రాసినదంతా పాడవుతుంది కనుక. పనిలో చేరిన మొదటిరోజే ఎవరికైనా నేర్పేది అదే. పెయింటరు నిచ్చెనని గోడకి ఆనించి, కాసేపు దాని ముందు నిలబడి, మళ్ళీ తీసి పక్కన పెట్టాడు. నేలమీద చతికిలబడి, వంగని ఎడంకాలు ముందుకి చాపుకుని, అట్టడుగు వరసలో గొడుగు మాటతో మొదలుపెట్టాడు.

రాత్రి భోజనాలయ్యాక భార్య అతని మోకాలికి వేడి గుడ్డతో కాపడం పెడుతూ అడిగింది.

"పైది రాశావా?"

"ఇంకా లేదు."

"మరి ఈపాటికి ఏం రాశావు?"

"కిందవి."

ఆవిడ చెయ్యి ఆగింది. "కిందనుంచి మొదలెట్టావా? నువ్వా?"

అతను చల్లారిన గుడ్డని మోకాలిమీంచి తీసి ఆవిడకి అందించాడు.

"ఊళ్ళో ఇంకెవడూ దొరకలేదా కుంచె పట్టినవాడు? ఆ మాట నీ చేత్తోనే రాయాలా?"

"దొరుకుతాడు. వంకరగా రాస్తాడు."

"రాస్తే రాయనీ. నిటారుగా ఉండాల్సింది అక్షరాలు కాదయ్యా, నీ కాలు." గుడ్డ మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచి పిండింది. కోపమంతా ఆ పిండడంలోనే ఉంది.

మర్నాడు సాయంత్రం కోచ్‌గారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కుర్చీ తోస్తున్నది ఆయన అల్లుడు. ప్రాక్టీసు ముగించుకున్న ఆటగాళ్ళు చెమటలు కక్కుతూ సందులో చుట్టూ మూగారు. ఎనభై దాటిన మనిషి. ఒళ్ళంతా ఎండిపోయినా గొంతు మాత్రం ఎండలేదు.

"ఏంరా, నేను పోయాక రాయాల్సినవి ముందే రాసేస్తున్నారు? అంత తొందరేంటి మీకు?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన చూపు గోడంతా పాకి, పైన ఖాళీ దగ్గర ఆగింది.

"పైది ఏదీ?"

సెక్రటరీ పెయింటరు వైపు గుర్రుగా చూశాడు. పెయింటరు కూర్చున్నచోటునుంచి గోడ పట్టుకుని లేచి నిచ్చెన జరుపుకున్నాడు. కుడికాలు ఒక మెట్టు పైన పెట్టి, ఎడంకాలిని చేత్తో ఎత్తి దాని పక్కన చేర్చుకుంటూ ఎక్కాడు.

"ఆ కాలేంటి నాయనా, కర్ర మింగినట్టు?" అన్నారు కోచ్‌గారు. మళ్ళీ నవ్వులు. "జాగ్రత్త. పడితే మాత్రం నా గోడమీద ఏడవకు."

పెయింటరు కుంచె ముంచాడు. 'గీ' రాశాడు.  అక్షరం నిటారుగా నిలబడింది.

"అసలు ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా మీకు?" అన్నారు కింద కోచ్‌గారు. అందరికీ తెలుసు. అయినా "చెప్పండి చెప్పండి" అన్నారందరూ.

"మీరెవరూ పుట్టకముందు జింక అని ఒకడుండేవాడ్రా, పైఊరినుంచి వచ్చి ఆడేవాడు. అవి కాళ్ళు కావు, గాలి. ఫైనల్లో అవతలి బ్యాక్ వచ్చి అమాంతం తొక్కాడు. ఫట్‌మని నాకిక్కడికి వినపడింది. బంతి పేలిందనుకున్నా! ఉన్నదొక్కటే బంతి, ప్రాణం గిలగిల్లాడింది నాకు. చూస్తే బంతి బాగానే ఉంది." నవ్వులు ఆగేదాకా ఆగారు. ఎక్కడెంతసేపు ఆగాలో ఆయనకి కొట్టిన పిండి. "వీడు పడి దొర్లుతూ నావైపు చెయ్యి చాపాడు. ఎత్తుకుందామని నలుగురు పరిగెత్తబోయారు. ఆగండ్రా అన్నాను. అప్పుడు వాడితో ఏమన్నాను?"

"గీత దాటాకే ఏడవాలి!" సందంతా మారుమోగింది.

"లేచాడ్రా! లేచి నడిచాడు. పాదమేమో ఇంటివైపు చూస్తోంది, మనిషేమో నావైపు వస్తున్నాడు!"

గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వారు కుర్రాళ్ళు. ఆరోజునుంచి ఆ క్లబ్బులో అదే పద్ధతి. ఎవడైనా దెబ్బతిని పడితే మిగతావాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పడ్డవాడు తనంతట తను మైదానం అంచు గీత దాటేదాకా వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. దాటితే చప్పట్లు. దాటలేనివాడు ఇంతవరకూ లేడని క్లబ్బువాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు.

"తర్వాత ఏమయ్యాడండీ?" అని ఒక గొంతు అడిగింది.

అడిగింది పిచిక. సన్నటి కుర్రాడు, ఎడంవైపు ఆడతాడు. బంతి వాడికాలికి అంటుకుంటే చాలు, చూసేవాళ్ళు కూర్చున్నచోటునుంచి లేస్తారు.

"ఎవరు?" అన్నారు కోచ్‌గారు.

"జింకండీ."

"ఏమవుతాడు? గీత దాటాడు. దాటాక ఏడ్చాడు. పద్ధతి తెలిసిన కుర్రాడు."

నిచ్చెనమీద పెయింటరు 'గడ్డి' దగ్గరికొచ్చాడు. ఒత్తు కింద కొంచెం రంగు కారబోతే బొటనవేలితో తుడిచేశాడు.

అందరూ వెళ్ళాక పిచిక ఒక్కడూ ఉండిపోయాడు. నిచ్చెన దిగేటప్పుడు చెయ్యి అందించాడు.

"బాబాయ్, కాలికి ఏమైంది?"

పెయింటరు కుంచెలు టర్పెంటైన్లో జాడిస్తూ వాడి కాళ్ళవైపు చూశాడు. సాక్సులు చీలమండలదాకా జారి ఉన్నాయి. పిక్కలమీద పాత గీట్లు.

"నిచ్చెన మీంచి పడ్డాను," అన్నాడు.

మరుసటిరోజు మధ్యాహ్నం ప్రాక్టీసు మ్యాచ్ పెట్టారు. ఆదివారం అతిథుల ముందు ఆడబోయే జట్టుని కోచ్‌గారికి చూపించాలని. ఆయన కుర్చీని అంచు గీత పక్కన, పందిరి నీడలో పెట్టారు. జనం బాగానే వచ్చారు. లోపల సందులో పెయింటరు అక్షరాల మధ్య మరకలు పడ్డచోటల్లా వెడల్పాటి పట్టీ బ్రష్షుతో తెల్లరంగు పులుముతున్నాడు. బయట కేకలు, ఈలలు.

అంతలో ఆ శబ్దం వినపడింది. చిన్న శబ్దమే. కేకల్లో అది ఎవరికీ వినపడి ఉండకపోవచ్చు. పెయింటరు దాన్ని చెవితో వినలేదు, మోకాలి కింద విన్నాడు.

బ్రష్షు చేతిలో అలాగే ఉంది. రెండో చేత్తో రంగుడబ్బా పట్టుకుని, కాలీడ్చుకుంటూ బయటికొచ్చాడు.

మైదానం నడిమధ్య పిచిక పడి ఉన్నాడు. చుట్టూ ఆటగాళ్ళు, రెండు జట్లవాళ్ళూ, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. వాణ్ణి తన్నినవాడు కూడా తల దించుకుని అలాగే నిలబడ్డాడు. జనంలోంచి చప్పట్లు మొదలయ్యాయి, మెల్లిగా, ఒక వరసలో. లే, లే, అన్నట్టు.

"లేస్తాడు, లేస్తాడు," అంటున్నాడు సెక్రటరీ పక్కవాళ్ళతో. "మావాళ్ళు లేస్తారు."

పిచిక మోచేతులమీద లేచాడు. పళ్ళు బిగబట్టాడు. అరవలేదు. కుడికాలు ముడిచి, ఎడంకాలు కూడదీసుకోబోయి, మళ్ళీ పడ్డాడు. చప్పట్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి.

పెయింటరు పందిరి ముందునుంచి వెళ్ళాడు. కోచ్‌గారు చెయ్యెత్తి పిలిచారు. "ఏయ్ నాయనా, ఎక్కడికి? ఆ రంగు గోడది."

పెయింటరు ఒక్క క్షణం వంగి ఆయన ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పేవాడిలా నోరు తెరిచాడు. చెప్పకుండానే మైదానంలోకి దిగాడు. డబ్బా ఊగి రంగు అతని కాలిమీద చిందింది. చేతులు కట్టుకున్నవాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుని పిచిక దగ్గరికొచ్చాడు.

"ముట్టుకోకు బాబాయ్," అన్నాడు పిచిక. పెదాలు తెల్లబడ్డాయి. "నేను దాటగలను."

"ముట్టుకోను."

కాలు ముందుకి చాపి నేలమీద కూర్చున్నాడు. బ్రష్షుని డబ్బాలో అడుగుదాకా ముంచి, పిచిక చేతివేళ్ళకి జానెడు దూరంలో గడ్డిమీద పెట్టి లాగాడు. గడ్డి రంగు పట్టదు. పోచలు బ్రష్షు కింద పడుకుని మళ్ళీ లేస్తున్నాయి. అదిమిపట్టి, మళ్ళీ ముంచి, మళ్ళీ లాగాడు. దారం లేదు, మేకు లేదు. అతని జీవితంలో అంత వంకర గీత ఎప్పుడూ గీయలేదు. మనిషి పొడుగునా గీశాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇదిగో గీత," అన్నాడు. "దాటు."

పిచిక అటు చూశాడు, ఇటు చూశాడు. "ఇది గీత కాదు."

"తెల్లగా ఉందా లేదా?"

"నువ్వు గీశావు."

"ఆ అంచు గీతా నాలాంటివాడే గీశాడు."

"అందరూ చూస్తున్నారు బాబాయ్."  కోచ్‌గారి కుర్చీవైపు తల తిప్పాడు. 

పెయింటరు వాడి చెవి దగ్గరికి వంగాడు. ఊళ్ళో ఎవరితోనూ అనని మాట అన్నాడు.

"నేను నిచ్చెన మీంచి పడలేదురా."

పిచిక అతని ముఖం చూశాడు. తర్వాత చాపి ఉన్న ఆ కాలుని చూశాడు, పైనుంచి కిందదాకా. మోకాలి కింద పక్కకి తిరిగిన ఆ ఎముకని పంచె ఎంతని దాస్తుంది? వాడికి అర్థమైంది.

గడ్డి గుప్పిళ్ళతో పట్టుకుని, పొట్టమీద పాకి, ఆ జానెడూ దాటాడు. తెల్లరంగు చొక్కాకి అంటింది. అప్పుడు ఏడ్చాడు.

"ఎత్తండి," అన్నాడు పెయింటరు.

ఎవరూ కదల్లేదు. చేతులు వెనకే ఉన్నాయి. అందరి కళ్ళూ పందిరివైపే. కోచ్‌గారు కుర్చీ అంచుదాకా ముందుకి జరిగి కూర్చున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఏదో ఒకటి అంటారని, అంటే నవ్వుదామని జనం కాచుకుని ఉన్నారు.

"దాటాడుగా," అన్నారు చివరికి. గొంతులో నవ్వు లేదు. "ఎత్తండి."

ఆసుపత్రిలో పిచిక కాలికి తొడదాకా పిండికట్టు వేశారు. మర్నాడు పొద్దున పెయింటరు వెళ్ళేసరికి వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తల్లి మంచం కాళ్ళ దగ్గర కూర్చుని కట్టుమీద వాలుతున్న ఈగల్ని తోలుతోంది.

"ఎముక అతుక్కుంటుందన్నారన్నయ్యా," అంది. "ఆట సంగతి మాత్రం ఇప్పుడే అడగొద్దన్నారు."

పెయింటరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. 

"జానెడుగాడు అంటున్నారు నన్ను," అన్నాడు పిచిక గోడతో. "జట్టులోవాళ్ళు పొద్దున్నే వచ్చి అనేసి మరీ పోయారు. జానెడు దాటి ఏడ్చాడట. పరువు తీశావు బాబాయ్. నడిచుంటే జింక గురించి చెప్పుకున్నట్టే నా గురించీ చెప్పుకునేవాళ్ళు."

"చెప్పుకుంటారు. చెప్పుకునేది వాళ్ళు, నడిచేది మనం."

పిచిక ఇటు తిరిగాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నువ్వే జింకవని చెప్పనా వాళ్ళకి?"

"వద్దు."

"ఎందుకు?"

"నవ్వుతారు."

తల్లి ఇద్దరివైపూ మార్చి మార్చి చూసింది. ఆవిడకి ఏమీ అంతుపట్టలేదు. పెయింటరు లేచి, వాడి బాగున్న కాలిమీద దుప్పటి సరిచేసి వచ్చేశాడు.

క్లబ్బులో సెక్రటరీ అతనికోసమే కాచుకుని ఉన్నాడు.

"ఏంటయ్యా నువ్వు చేసిన పని? గోడ రాయమంటే మైదానం రాస్తావా? ఇన్నేళ్ళ పద్ధతి నాశనం చేశావు. రేపు పెద్దమనుషులొస్తారు, ఏం చెప్పుకోను నేను? మావాడి దగ్గరికే గీత వచ్చిందని చెప్పనా?"

పెయింటరు కుంచె వెంట్రుకలు వేళ్ళతో సాపు చేసుకుంటున్నాడు. తొందరపడి మాట్లాడే అలవాటు అతనికి లేదు. ఈసారి ఇంకా ఆలస్యం చేశాడు.

"కోచ్‌గారే చెప్పారు."

"ఏం చెప్పారు?"

"నేను వెళ్తుంటే పిలిచారుగా. మీరూ చూశారు."

సెక్రటరీ గుర్తు తెచ్చుకున్నాడు. నిజమే, పిలిచారు. ఇతను వంగి విన్నాడు కూడా. "అవును, ఏదో అన్నారు. ఏమన్నారు?"

"దాటలేనివాడి దగ్గరికి గీతనే తీసుకెళ్ళండి, అన్నారు."

సెక్రటరీ ముఖం ముడుచుకునే ఉంది. పెదాలు మాత్రం ఆ మాటని ఒకసారి లోపల్లోపల తిరగేశాయి. రెండోసారి బయటికే అన్నాడు. మూడోసారి అనేటప్పటికి ముఖం విప్పారింది.

"అబ్బ! ఈ వయసులో ఆ నోట ఎంత మాటొచ్చిందయ్యా! నాకెందుకు చెప్పలేదు ముందే? అంటే ఆ కుర్రాడు ఆయన మాట ప్రకారమే దాటాడన్నమాట!"

"అదే."

"రాయి, రాయి! రేపటికి గోడమీద ఉండాలి. అక్కడ చోటు లేదే... గొడుగుది తీసెయ్. లేకపోతే నీళ్ళది."

"చూస్తాను."

సెక్రటరీ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరికో కొత్త మాట చెబుతూ వెళ్తున్నాడు. సందు చివర బూట్లు విప్పుకుంటున్న ఇద్దరు ఆటగాళ్ళు తలలెత్తి విన్నారు. పొద్దున ఆసుపత్రికి వెళ్ళొచ్చినవాళ్ళే. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వలేదు.

పెయింటరు నిచ్చెన ఎక్కాడు. పై వరస మొదట్లో పట్టీ బ్రష్షు పెట్టి, ఆ చివరిదాకా ఒక్క ఊపున తెల్లరంగు పూశాడు. నీలం అక్షరాలు తెలుపులోంచి పాలల్లో ఈగల్లా కనపడుతూనే ఉన్నాయి. ఆరేదాకా మెట్టుమీదే కూర్చుని, రెండో పూత మొదలుపెట్టాడు.

కింద చక్రాలు కిర్రుమన్నాయి. అల్లుడు కోచ్‌గారి కుర్చీని గోడ పక్కన ఆపి, సెక్రటరీతో మాట్లాడొస్తానని బయటికెళ్ళాడు. సందులో ఇద్దరే మిగిలారు.

"ఏం చెరుపుతున్నావు నాయనా?"

"పై వరస."

"ఎవరు చెరపమన్నారు?"

"మీరే."

"నేనా?"

"నిన్న మైదానంలో. దాటలేనివాడి దగ్గరికి గీతనే తీసుకెళ్ళండి అన్నారు. అది రాయాలి ఇక్కడ."

కోచ్‌గారు కనుబొమలు దగ్గరికి తెచ్చుకున్నారు. "ఆ రంగు గోడది అన్నట్టు గుర్తు."

"ఆ తర్వాత అన్నారు."

ఆయన పెదాలు కదిలాయి. ఆ మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ విసరాలో చూసుకుంటున్నట్టు సగం అని, ఆగి, మిగతా సగం అన్నారు. "బాగానే అన్నానే," అన్నారు.

పెయింటరు బ్రష్షు ముంచాడు.

"జనం నవ్వారా?"

"నవ్వలేదు."

ఆయన తలెత్తారు. ముఖం చిన్నబోయింది. "మరి?"

"ఎత్తారు."

 కోచ్‌గారి చూపు నిచ్చెనమీద చాపి ఉన్న కాలిదాకా వచ్చి, అక్కడ కాసేపు నిలిచి, గోడమీదికి వెళ్ళిపోయింది. ఏమైనా గుర్తొచ్చిందో లేదో ముఖంలో తెలియలేదు. పైనుంచి తెల్లచుక్క ఒకటి ఆయన బూటుమీద పడింది. ఇంకోటి చేతిమీద పడింది. ఆయన చెయ్యి తీసుకోలేదు.

రెండో పూతలోంచి కూడా 'గడ్డి' మసగ్గా కనపడుతోంది. పెయింటరు దానిమీద మూడో పూత వేశాడు.